మిగులు కరెంటు

గుంటూరు ఎండను సరుకుగా చూసిన మొదటి మనిషి తటవర్తి కోటిలింగం. మిగతా ఊరంతా దాన్ని తిట్టుకుంటూ మజ్జిగ తాగి, తలుపులు బిగించుకుని మధ్యాహ్నాలు గడిపేది. ఆయన మాత్రం మిర్చి కొట్టు అరుగు మీద నిలబడి, ఇంత సరుకు రోజూ తెల్లారేసరికి ఊరి నెత్తిన దిగుమతి అవుతుంటే తూచేవాడు లేక, పట్టేవాడు లేక సాయంత్రానికి నేలపాలైపోతోందే అని బాధపడేవాడు. నలభై ఏళ్ళు ఎండుమిర్చి అమ్మిన మనిషికి ఎండ విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కల్లంలో కాయకు రంగు పట్టించేదీ, గలగలలాడించేదీ అదే. ఆ పని చేసిపెట్టి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా వెళ్ళిపోయే పనివాణ్ణి ఆయన ఇంకెక్కడా చూడలేదు.

ఈ బాధ వింటూ పెరిగిన ఒక్కగానొక్క కూతురు ప్రసూన భౌతికశాస్త్రం చదివింది. పరిశోధనలకని ఊళ్ళు తిరిగి, ముప్పై రెండో ఏట తిరిగొచ్చి, నాన్న కొట్టు వెనకున్న షెడ్డులో ఒక మూల తడిక కట్టుకుని ప్రయోగశాల పెట్టుకుంది. రెండేళ్ళకు ఒక పొర తయారైంది. ఉల్లిపొర మందం, బూడిదరంగు. రేకు మీద అతికిస్తే అతికించినట్టే తెలియదు. మామూలు సోలార్ పలకలు వెలుగులో కొంత పట్టుకుని వేడిని వదిలేస్తాయి. ఇది వెలుగునూ, వేడినీ రెంటినీ తాగేది. తనకంటే వెచ్చగా ఉన్నదేదైనా ఎదురుగా ఉంటే చాలు, దాని వేడిని లాగి కరెంటుగా మార్చేది. దానికి ఎండపొర అని పేరు పెట్టింది కోటిలింగమే.

మొదటి పొరను ఆ షెడ్డు కప్పుకే అతికించారు. షెడ్డులో రోజూ ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేవారు. అంతకుముందు ఏప్రిల్ వచ్చిందంటే రేకుల కింద వాళ్ళు ఉడికిపోయేవాళ్ళు. కాయ ఘాటుకు తుమ్ములు, వేడికి కళ్ళు తిరగడాలు, వారానికొకరు పడిపోవడాలు. పొర అతికించాక కరెంటు సంగతి అటుంచి షెడ్డు చల్లబడింది. బయట నలభై ఐదు డిగ్రీలుంటే లోపల కార్తీకమాసంలా ఉండేది. రేకుల వేడిని, గోడల వేడిని పొర తాగేస్తోందని ప్రసూన చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఆడవాళ్ళ మేస్త్రీ సువార్తమ్మ. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. కోటిలింగం కొట్లో ఆయనకు ఎదురు మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే.

"మా ఇళ్ళకాడ ఫ్యానేసుకున్నా పొయ్యి మీద కూకున్నట్టుంటంది శెట్టిగారూ," అని ఒకరోజు అడిగింది. "ఆదివారం కూడా షెడ్డు తాళం తీయించరాదా? ప్రార్థన కాంగానే వచ్చి పడుకుంటాం. కూలేం ఇయ్యబళ్ళా."

"పడుకోవడానికి నా షెడ్డేమన్నా సత్రమా?" అన్నాడాయన.

"సత్రంలో ఇంత చల్లంగా ఏడుండిద్ది," అంది సువార్తమ్మ. మిగతావాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆదివారం మాత్రం తాళం తీయించలేదు. వాళ్ళు ఆ ఒక్కరోజు ఇళ్ళ దగ్గర ఉడికారు. ఆ ఉడకడమే వాళ్ళను అంతకాలం నిలబెట్టిందని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఊళ్ళో పెద్దలు వచ్చి షెడ్డు చూసి వెళ్ళారు. ఒక కంపెనీ ముందుకొచ్చి పొరను ఊరంతా పరిచే బాధ్యత తీసుకుంది. ముందు నాలుగు వందల ఇళ్ళకు అతికించారు. అప్పుడు గుంటూరులో ఎవరింటికి వెళ్ళినా ఇదే మాట. కరెంటు కోత లేదు, ఏసీ అక్కర్లేదు, ముసలివాళ్ళు మధ్యాహ్నం హాయిగా నిద్రపోతున్నారు. ఇంకో నలభై వేల ఇళ్ళకు పొర అతికించి, తీగలు కలిపి, సిద్ధంగా ఉంచారు. పొర పని చేయాలంటే దానికి మొదట ఒక మీట నొక్కి ప్రాణం పోయాలి. మే నెల మూడో సోమవారం, పొద్దున పదకొండింటికి, మైదానంలో సభ పెట్టి ఆ మీట ప్రసూన చేత నొక్కించాలని నిర్ణయించారు. ఆ ఇళ్ళవాళ్ళలో సగంమంది ఒప్పుకున్నది కంపెనీని చూసి కాదు. కోటిలింగం మాట మీద ఒప్పుకున్నారు. మిర్చి యార్డులో ఆయన మాటకు కాగితం అడిగినవాడు లేడు.

ఆ సోమవారానికి నాలుగు రోజుల ముందు, గురువారం పొద్దున, సభలో పంచాల్సిన నివేదిక అచ్చుకు వెళ్ళబోతుంటే కోటిలింగం ఒకసారి చూస్తానన్నాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అంకెలకు ఆ ఇబ్బంది లేదు. వేలు పెట్టి వరుసలు దిగుతూ ఒకచోట ఆగాడు.

"ఇదేం తరుగమ్మా?"

యార్డులో ప్రతి బస్తాకూ తరుగు తీయడం ఆనవాయితీ. కాయలో తేమ ఉంటుంది, దుమ్ము ఉంటుంది, తొడిమ రాలుతుంది. అందుకని కాటా ఎంత చూపినా అందులోంచి కొంత కొట్టేసి రాసుకుంటారు. ఎందుకని రైతూ అడగడు, కొనేవాడూ అడగడు. ప్రసూన ఆ కొట్లోనే పలక పట్టుకుని అంకెలు నేర్చుకుంది. తీసివేతలు ఆమెకు తరుగుతోనే వచ్చాయి.

"మీటరు ఎప్పుడూ కొంచెం ఎక్కువ చూపిస్తుంది నాన్నా," అంది. "మిట్టమధ్యాహ్నం ఎండ ముప్పై కిలోవాట్లు ఇస్తుంటే ఇది ముప్పై రెండు అంటుంది. పరికరంలో తేడా. నూటికి ఏడు తీసేసి రాస్తున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచీ."

"మీ చదువుకున్నవాళ్ళెవరూ అడగలేదా?"

"తక్కువొస్తే అడుగుతారు. ఎక్కువొచ్చినదాన్ని తగ్గించి చెబితే నిజాయితీ అంటారు."

కోటిలింగం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తరుగు తీసేది సరుకు తగ్గుతుందని. ఇక్కడ పెరుగుతోంది. నలభై ఏళ్ళలో ఉత్తినే మొగ్గిన కాటాను నేను చూడలేదమ్మాయ్. నా వైపు రెండు కిలోలు ఎక్కువొచ్చాయంటే ఎవడిదో బస్తాలో రెండు కిలోలు పోయినట్టే. అదెవరిదో చూశావా?"

ప్రసూన చూడలేదు. చూడాలని తోచలేదు. రోజువారీ చిట్టా తెమ్మన్నాడు. తెచ్చింది. ఆయన ఆ మిగులు ఉన్న వరుసను మాత్రం పట్టుకుని పైనుంచి కిందికి దిగాడు. రెండువేల చిల్లర వాట్లు, రెండువేల చిల్లర, రెండువేల చిల్లర. ఏడో రోజు దగ్గర దాదాపు ఏమీ లేదు. మళ్ళీ ఆరు రోజులు రెండువేల చిల్లర, ఏడో రోజు ఏమీ లేదు. నెల తిప్పాడు. అదే వరస. ఏప్రిల్లో ఒక శుక్రవారం కూడా ఖాళీగా ఉంది.

"ఇదేం శుక్రవారం?"

"గుడ్‌ఫ్రైడే," అంది ప్రసూన. "ఆ రోజు సువార్తమ్మా వాళ్ళు రారు కదా."

చెప్పిన మాట తన చెవికే వినబడి ఆమె ఆగిపోయింది. తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎండకు ఆదివారం లేదు. ఆ షెడ్డులో ఆదివారం ఉన్నది మనుషులకే.

పన్నెండున్నరకు హమాలీలను పిలిపించి షెడ్డు కప్పు మీద టార్పాలిన్లు కప్పించాడు. అకాల వర్షాలకు బస్తాల మీద కప్పే మందపాటివి, రెండు వరసలు, వాటి మధ్య గోనెలు. గాలి తప్ప వెలుగు చొరబడే సందు లేదు. మీటరు షెడ్డు బయట గేటు స్తంభానికి ఉంది. కోటిలింగం తలకు తువ్వాలు చుట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. రేకుల్లో మిగిలిన వేడి తీరిపోయాక, ఎండ లేనప్పుడు అది సున్నా చూపాలి. రెండువేల నలభై వాట్లు చూపించింది.

"ఎంతుంది నాన్నా?" అని ప్రసూన లోపలి నుంచి అడిగింది.

చెప్పాడు. మీటరు పాడైందంది. ఆమెను బయటికి రమ్మన్నాడు. ఆమె గడప దాటి నాలుగడుగులు వేసేసరికి అంకె పందొమ్మిది వందల ఎనభై రెండుకు దిగింది. మళ్ళీ లోపలికి పొమ్మన్నాడు. రెండువేల నలభై. మళ్ళీ రమ్మన్నాడు. పందొమ్మిది వందల ఎనభై రెండు. మూడుసార్లు తిప్పాడు. మూడుసార్లూ తేడా యాభై ఎనిమిదే. ఆ యాభై ఎనిమిది ఆయన కూతురు.

తొడిమలు తీసేవాళ్ళను ఒక్కొక్కరినే బయటికి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు.

"నన్ను తూస్తన్నారా ఏంది శెట్టిగారూ? నేను మూడు బస్తాలుంటా, కాటా విరిగిద్ది," అంటూ మొదటి మనిషి వచ్చింది. ఎనభై తొమ్మిది దిగింది. రెండో మనిషి వచ్చింది. ఎనభై ఆరు. ఎండలోకి రాగానే ప్రతి ఒక్కరూ ముఖం చిట్లించి మళ్ళీ లోపలికి పోతామని గొడవ చేశారు. ఆయన ఒక్కొక్కరి అంకె చూసుకుంటూ, చేత్తో పక్కకు నిలబడమని సైగ చేస్తూ ఉన్నాడు. ఎవరూ ఎనభై ఐదుకు తగ్గలేదు. తన కూతురే అందరికంటే తక్కువ తూగింది. వీళ్ళు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళు. ఆమె పొర అతికించిన నాటి నుంచీ రాత్రీ పగలూ ఆ కప్పు కిందే ఉంది. ఇవ్వడానికి ఆమె దగ్గర మిగిలింది అంతే.

ఇరవై రెండుమంది బయటికొచ్చారు. మీటరు నలభై ఆరు చూపిస్తోంది.

"ఇంకెవరు లోపల?"

"మా మేస్త్రీ ఉంది. అన్నం తిని బస్తాల మీద ఒరిగింది," అన్నారు.

ఒక మనిషి లోపల ఉంటే ఎనభై ఐదైనా ఉండాలి. నలభై ఆరు ఉంది. ఆయన చూస్తుండగా నలభై ఐదైంది. ఎవరూ కదల్లేదు, ఎవరూ బయటికి రాలేదు. నలభై నాలుగైంది.

కోటిలింగం లోపలికి పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. సువార్తమ్మ ఎర్రటి కాయల బస్తాల మీద చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉంది. ముఖంలో బాధ లేదు. చెంప మీద చెయ్యి వేస్తే చద్దన్నం గిన్నె తాకినట్టుంది.

డాక్టర్ మస్తాన్‌వలి రెండు వీధుల అవతల నుంచి పది నిమిషాల్లో వచ్చాడు. థర్మామీటరు పెట్టి చూసి విదిలించాడు. రెండోది తీశాడు. మూడోదాన్ని ముందు తన చంకలో పెట్టుకుని సరిచూసుకుని ఆమెకు పెట్టాడు. మనిషి ఒళ్ళు ముప్పై ఏడు డిగ్రీలుండాలి. ముప్పై ఒకటి ఉంది. బయట ఆ పూట నలభై ఆరు.

"చలికి పోయిందండీ," అన్నాడాయన నెమ్మదిగా. "మంచులో చిక్కుకున్నవాళ్ళు ఇలా పోతారని పుస్తకంలో చదివాను. గుంటూరులో చూస్తాననుకోలేదు."

పొర చర్మం మీది వేడిని లాగి ఉంటే ఎవరికైనా వణుకు పుట్టేది. అది లోపలి నుంచి, నెమ్మదిగా, అన్నివైపులా ఒకేలా లాగింది. చర్మానికి హాయిగా ఉంది. ఒళ్ళు చలిని గుర్తుపట్టడమే మరిచిపోయింది. మస్తాన్‌వలి ప్రసూన నోట్లో థర్మామీటరు పెట్టాడు. ముప్పై నాలుగు. నాడి నిమిషానికి నలభై ఎనిమిది. ఇంకొక్క గంట కూడా ఈ పిల్లను ఆ పొర కింద ఉంచొద్దని కోటిలింగానికి చెప్పాడు. తర్వాత కుర్చీలో కూలబడి, తనలో తాను అనుకుంటున్నట్టుగా మరో మాట అన్నాడు. ఈ ఎండాకాలం వడదెబ్బ కేసులు తగ్గాయని సంతోషించాడట. పొర పెట్టించుకున్న ఇళ్ళలో పదకొండుమంది పెద్దవాళ్ళు మధ్యాహ్నం నిద్రలోనే పోయారట. అనాయాసంగా వెళ్ళిపోయారని వాళ్ళవాళ్ళు ఆయనకు దణ్ణం పెట్టి మరీ చెప్పారట.

ప్రసూన సువార్తమ్మ పక్కన నేల మీద కూర్చుని ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి రుద్దుతోంది. ఆ రెండు చేతుల్లో కూడా వేడి లేదని ఆమెకు కాసేపటికి అర్థమైంది. రుద్దడం ఆపి, తన అరచేతుల వైపు చూస్తూ ఉండిపోయింది.

శుక్రవారం సువార్తమ్మను సమాధి చేశారు. అక్కడి నుంచే కోటిలింగం కంపెనీ మేనేజరు చక్రపాణి దగ్గరకు వెళ్ళి, సోమవారం మీట నొక్కడం లేదని చెప్పాడు. చక్రపాణి మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, అంతా విన్నాడు. పెద్దావిడ, మే నెల, గుండె ఆగి ఉంటుంది అన్నాడు. ఒక షెడ్డు లెక్క చూసి నలభై వేల ఇళ్ళు ఆపలేమనీ, సభ అయ్యాక నిపుణులతో చూపిద్దామనీ అన్నాడు. చివరికి, "గుంటూరులో మే నెలలో మనిషి చలికి చచ్చిపోయిందని చెబితే జనం నవ్వుతారు కోటిలింగంగారూ. ముందు మిమ్మల్ని చూసి నవ్వుతారు," అన్నాడు. మీట ప్రసూన నొక్కకపోతే ఇంకొకరు నొక్కుతారని కూడా చెప్పాడు.

శనివారం ఆయన పాత నాలుగు వందల ఇళ్ళలో తిరగడం మొదలుపెట్టాడు. పొర పీకేయండి, నా మాట వినండి అని గడప గడపకూ చెప్పాడు. ఆయన మాట మీద పెట్టించుకున్నవాళ్ళే ఆయన మాట మీద తీయడానికి ఒప్పుకోలేదు. ఒకావిడ బయట ఎండ చూపించి మీకు మతి పోయిందా అన్నయ్యగారూ అంది. ఇంకో ఇంట్లో ఎనభై ఏళ్ళ ముసలాయన మంచం మీంచి లేవకుండానే, ఇన్నేళ్ళకు ఇప్పుడే ప్రాణానికి హాయిగా ఉంది బాబూ, తీయొద్దని బతిమాలాడు. కోటిలింగం ఆయన పాదం పట్టుకుని చూశాడు. చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. సాయంత్రానికి అరవై ఇళ్ళు తిరిగితే రెండు ఇళ్ళు విన్నాయి. తన మాటకు ఊళ్ళో ఉన్న బరువెంతో ఆయనకు ఆ రోజు తెలిసింది. జనానికి కావలసింది చెప్పినప్పుడే దానికి బరువు.

ఆదివారం ఇంట్లో ప్రసూన తల్లి మాణిక్యాంబ ఉప్పు మూట వేడిచేసి కూతురి పాదాలకు కాపడం పెడుతోంది. వేడినీళ్ళు, మిరియాల చారు, ఊలు దుప్పటి, ఏదీ ఆమెను ముప్పై నాలుగు దాటించడం లేదు. అప్పుడు ప్రసూన చెప్పింది, రేపు సభకు వెళ్తానని. వేదిక మీద నమూనాగా పెట్టే చిన్న పందిరికి ముందే ప్రాణం పోసిన పొర ఉంటుంది. పైన టార్పాలిన్ కప్పించి, తానే దాని కింద పడుకుంటుంది. దానికి పది బల్బులు కలిపి ఉంటాయి. ఎండ లేకుండా అవి వెలిగితే, ఎందుకు వెలిగాయో అందరికీ చెబుతుంది.

మాణిక్యాంబ మూట పక్కన పెట్టి కూతురి పాదాలు రెండు చేతులా పట్టుకుంది. కోటిలింగం లేచి నిలబడ్డాడు.

"ఇంకెవరినైనా పడుకోబెడదాం. నేను పడుకుంటాను."

"నువ్వు పడుకుంటే ముసలాయన ఏదో గారడీ చేశాడంటారు. కనిపెట్టినదాన్ని నేను. నేను పడుకుంటేనే నమ్ముతారు." ఆమె గొంతు మెల్లగా, స్థిరంగా ఉంది. "లెక్క వేసి చూడు నాన్నా. ఒకవైపు నలభై వేల ఇళ్ళు. ఇంటికి నలుగురు. ఇంకోవైపు నేను, అదీ పది నిమిషాలు. నీ కొట్లో ఈ బేరం ఎవరైనా తెస్తే కాదంటావా?"

"అంటాను," అన్నాడు కోటిలింగం. "బిడ్డను కాటాలో పెట్టే బేరం నేనెప్పుడూ చేయలేదు."

"పెట్టావు. సువార్తమ్మకూ కూతురుంది. మనిద్దరం కలిసి పెట్టాం. తరుగని రాసింది నేను, అలా రాయడం నేర్పింది నువ్వు."

కోటిలింగం వెళ్ళి మస్తాన్‌వలికి ఫోన్ చేసి, రేపు పొద్దున సభకు వచ్చి వేదిక పక్కనే ఉండమన్నాడు. పది నిమిషాలు కాదు, ఐదు నిమిషాలని కూతురి దగ్గర మాట తీసుకున్నాడు. ఒళ్ళు బాగోలేదనిపిస్తే చెయ్యి పైకెత్తాలి.

సోమవారం మైదానంలో షామియానాల కింద పదివేలమంది. వేదిక మీద చక్రపాణి, ఊరి పెద్దలు, పూలదండలు. ప్రసూన మీట దగ్గరకు వెళ్ళలేదు. మైకు తీసుకుని, ముందు ఒక ప్రయోగం చూపిస్తానంది. చక్రపాణి అనుమానంగా చూశాడు గానీ అంతమంది ఎదుట ఆపలేకపోయాడు. కోటిలింగం వెంట వచ్చిన హమాలీలు పందిరి మీద టార్పాలిన్లు, గోనెలు కప్పారు. ఆమె చెప్పులు విప్పి, పందిరి కింద బల్ల మీద పడుకుంది. మైకు చేతిలోనే ఉంది.

"ఇప్పుడు ఈ పొర మీద ఎండ పడటం లేదు," అంది. "బల్బుల వైపు చూడండి."

ఒకటి వెలిగింది. రెండు, మూడు. ఐదు బల్బులు వెలిగాయి.

మైదానం అంతా చప్పట్లు కొట్టింది. పదివేలమంది ఒకేసారి కొట్టే చప్పట్లలో ప్రసూన తర్వాత చెప్పిన మాట ఎవరికీ వినబడలేదు. చక్రపాణి ఇంకో మైకు అందుకున్నాడు. ఎండ లేకపోయినా వెలుగుతుంది, చూశారుగా, ఇక మబ్బు పట్టినా మనకు చీకటి లేదు అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. వెనక వరుసల్లో ఈలలు వేశారు.

కోటిలింగం పందిరి వైపే చూస్తున్నాడు. కూతురి పెదవులు కదలడం ఆగిపోయింది. మైకు ఆమె చేతిలోంచి జారి బల్ల మీద దొర్లింది. ముఖంలో బాధ లేదు. ఆ ముఖాన్ని ఆయన గురువారం బస్తాల మీద చూశాడు. ఐదో బల్బు ఆరిపోయింది. ఆమె చెయ్యి పైకెత్తలేదు. ఎత్తాలన్న సంగతి ఆమెకు గుర్తుండే అవకాశం లేదని ఆయనకు అప్పుడు తట్టింది. అంత హాయిగా ఉన్నవాళ్ళు చెయ్యి ఎందుకు ఎత్తుతారు? నాలుగో బల్బు మిణుకుమంది.

ఆయన వెళ్ళి కూతుర్ని రెండు చేతులా ఎత్తి బయటికి లాగాడు. బల్బులన్నీ ఆరిపోయాయి. మస్తాన్‌వలి మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ఆపారేంటి? మళ్ళీ వెలిగించండి," అని ఎవరో అరిచారు. ఇంకొంతమంది అందుకున్నారు. వెలిగించండి, వెలిగించండి అని మైదానం ఒకే గొంతుతో అడగసాగింది.

కోటిలింగం దొర్లిపోయిన మైకు తీసుకున్నాడు. ఆయనకు సభల్లో మాట్లాడటం రాదు. కొట్టు అరుగు మీద నిలబడి రైతుతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"వెలిగిస్తాను. ఇందాక వెలిగింది మా అమ్మాయి. దాని ఒంట్లో ఉన్న వేడి. మీరు చప్పట్లు కొట్టింది దానికే. ఇప్పుడు దాని దగ్గర ఇంకేం మిగల్లేదు. మీ పిల్లల్లో ఒకరిని పంపండి, ఈ కప్పు కింద పడుకోబెడతాను. ఎన్ని బల్బులు కావాలంటే అంతమందిని పంపండి."

మైదానంలో చప్పుడు ఆగింది. ముందు వరుసలో ఒకాయన ఒళ్ళో ఉన్న మనవరాలిని దగ్గరకు తీసుకున్నాడు. చక్రపాణి ఏదో చెప్పబోయి, వేదిక మీద పడుకోబెట్టిన ప్రసూన రంగు చూసి మైకు కింద పెట్టాడు.

"మొదటి నాలుగు వందల ఇళ్ళలో, మీ మేడగదుల్లో పడుకున్నవాళ్ళు కూడా ఇప్పుడు వెలుగుతూనే ఉన్నారు," అన్నాడు కోటిలింగం. "అంతే నేను చెప్పేది."

మూడో వరుసలో ఒక అమ్మాయి లేచి ఫోన్ చెవిన పెట్టుకుంది. నిశ్శబ్దంలో ఆమె గొంతు అందరికీ వినిపించింది. "అత్తయ్యా, బాబును ఎత్తుకుని బయటికి రండి. పైగదిలోంచి. ఎందుకని అడక్కండి. చెప్పులు లేకపోయినా సరే, ఎండలోకి రండి." ఆమె పక్కనున్నాయన ఫోన్ తీశాడు. ఆ తర్వాత మైదానమంతా ఫోన్లే. అమ్మా అనీ, మామయ్యా అనీ, లేపండి అనీ, పలకట్లేదా అనీ. కొందరు మాట్లాడుతూనే పరుగు తీశారు. ఒకాయన మాత్రం ఫోన్ మోగుతూ మోగుతూ ఆగిపోతే, దాన్ని అలాగే చెవికి ఆనించుకుని నిలబడిపోయాడు.

మస్తాన్‌వలి ప్రసూన మణికట్టు పట్టుకుని ఉన్నాడు. నాడి ఉందని చెప్పాడు. ఎంత ఉందని కోటిలింగం అడిగితే, ఉంది అని మాత్రమే అన్నాడు. వేడి కావాలి, వెంటనే, నెమ్మదిగా, అన్నివైపుల నుంచీ అన్నాడు.

కోటిలింగం కూతుర్ని చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాడు. షామియానా దాటి, మే నెల ఎండ నిటారుగా పడుతున్న నేల మీద తన కండువా పరిచి ఆమెను పడుకోబెట్టాడు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జనం చుట్టూ మూగారు. ఎలా ఉంది, ఊపిరి ఉందా అని వంగి చూస్తూ దగ్గర దగ్గరగా చేరారు. వాళ్ళ తలల నీడలన్నీ ఆమె ముఖం మీదా, మెడ మీదా, చేతుల మీదా పడ్డాయి.

"జరగండయ్యా," అన్నాడు కోటిలింగం. ఎవరూ కదల్లేదు. ఆయన రెండు చేతులూ జోడించాడు. "మీకు దణ్ణం పెడతాను. జరగండి. నా బిడ్డ మీద నీడ పడుతోంది."